స్వెటరుకి రెండో చెయ్యి

అల్లడం చేతకాని మగవాళ్ల మీద నాకేమీ కోపం లేదు. అందరి మీదా కోపం పెట్టుకుని కూర్చుంటే మన పనెప్పుడు సాగుతుంది? చేతకాకపోయినా రైలు పెట్టెలో పదిమంది మధ్యా కూర్చుని, సూదులు రెండూ గాల్లోకి లేపి, పక్కవాళ్లకి పాఠం చెబుతూ మరీ అల్లేవాణ్ణి చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. అలాంటి మనిషొకడు ఆ చలికాలం మేమెక్కే పెట్టెలోకి ఎక్కాడు. ఆ చలి పోకముందే మా అక్కని వెంటబెట్టుకుని దిగిపోయాడు.

ఆయన పళ్ల డాక్టరు. ఎదుటివాళ్ల నోరు బార్లా తెరిపించి, అందులో పనిముట్లు పెట్టి, వాళ్లు ఊ అని కూడా అనలేని సమయం చూసి కబుర్లు చెప్పడం ఆయన వృత్తి. ఏళ్ల తరబడి అలా చెప్పీ చెప్పీ, తన మాటకి లోకంలో ఎవరూ ఎదురు చెప్పరని ఆయనకొక నమ్మకం కుదిరిపోయినట్టుంది. నేను చెప్పేదాన్ని. ఆయనకి వినపడేది కాదు.

అప్పటికి ఇంట్లో ఉండేది మేమిద్దరమే, అక్కా నేనూ. అక్క పట్నంలో ఆస్పత్రి ల్యాబులో పనిచేసేది. నేను అదే పట్నంలో ఆడపిల్లల బడిలో కుట్టు టీచర్ని. పొద్దున ఒకే రైలెక్కి వెళ్లేవాళ్లం, సాయంత్రం ఒకే రైల్లో వచ్చేవాళ్లం. ఇద్దరమూ పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే అక్క నవ్వి ఊరుకునేది. నేను మాత్రం, "మీరు చేసుకుని ఏం బావుకున్నారో చెప్పండి, విని ఆలోచిస్తాను" అనేదాన్ని. రెండోసారి ఎవరూ అడగలేదు.

మా ఇద్దరికీ ఒక పంపకం ఉండేది. వడకడం అక్కది, అల్లడం నాది. అక్క సూదులు ముట్టుకునేది కాదు, నేను కదురు ముట్టుకునేదాన్ని కాదు. రైల్లో అక్క తలుపు పక్కన నిలబడేది, సీటు ఖాళీగా ఉన్నా సరే. కదురు వేలాడుతూ తిరగాలంటే కింద చోటుండాలి కదా. ఎడమచేతికి ఉన్ని చుట్టుకుని, కుడిచేత్తో కదురు పుల్లని ఒక్కసారి గిర్రున తిప్పి వదిలేది. ఉన్ని సన్నగా సాగి, పురి ఎక్కి, దారమై దిగుతూ ఉండేది. వెళ్లేటప్పుడు ఒంటి పోగు వడికేది. వచ్చేటప్పుడు రెండు పోగులు కలిపి పేనేది. పేనడానికి వెలుతురు అక్కర్లేదు, వేళ్లకే తెలిసిపోతుందనేది. వంతెన ముందు మలుపులో రైలు ఒక పక్కకి ఒరిగేది. నిలబడ్డవాళ్లందరూ ఒకళ్ల మీద ఒకళ్లు పడేవాళ్లు. అక్క పడేది కాదు, కదురూ పడేది కాదు. నేను కిటికీ పక్కన కూర్చుని, బయట పొలాల మీద మంచు చూస్తూ, చేతులకేసి చూడకుండా అల్లుకుపోయేదాన్ని. ఆ గంటసేపు మమ్మల్నెవరైనా పలకరిస్తే నాకు చిరాకు.

ఇంట్లో అయితే మెట్లు. మాది ఇరుకైన ఇల్లు, కింద ఒక గది, పైన ఒక గది, మధ్యలో నిటారు మెట్లు. సెలవు రోజున అక్క పై మెట్టు మీద నిలబడి కదురు వదిలేది. నేను కింది మెట్టు మీద కూర్చుని అల్లుకునేదాన్ని. కదురు తిరుగుతూ తిరుగుతూ ఒక్కో మెట్టూ దిగి నా ముక్కు ముందుకి రాగానే "ఆగవే తల్లీ" అనేదాన్ని. అక్క పైకి లాక్కుని చుట్టుకుని మళ్లీ వదిలేది. మధ్యాహ్నమంతా అదే పని. ఇంతకంటే సుఖం ఇంకెక్కడో ఉందని ఎవరైనా అంటే, వాళ్లకి సుఖమంటే ఏమిటో తెలియదనే అంటాను.

ఆ ఏడు మంచి ఉన్ని దొరికింది. ముదురు గోధుమరంగు గొర్రెది, రంగు వెయ్యాల్సిన పని లేదు. అక్క దాన్ని కడిగి, ఆరబెట్టి, దువ్వుతూ అంది.

"ఇది నీకేనే. లోకానికంతా అల్లిపెడతావు, నీ ఒంటి మీద చూస్తే ఆ పాత శాలువాయే. ఈ చలికాలం నీకు స్వెటరు."

"నాకెందుకిప్పుడు?"

"నేను వడుకుతున్నాను కదా. నోరు మూసుకుని అల్లుకో."

అలా మొదలైంది ఆ స్వెటరు. వీపు భాగం అల్లుతుండగా పళ్లాయన తగులుకున్నాడు.

ఆ రోజు ఒక పోగు ముడివేసి, కొసని పంటితో కొరికాను. ఎదుటి సీట్లోంచి ఎవరో, "అయ్యయ్యో, కొరక్కండి" అన్నారు. తలెత్తి చూద్దును కదా, నున్నగా గీసిన గడ్డం, మెరిసే బూట్లు, ఒళ్లో తోలు సంచి పెట్టుకుని ఒక పెద్దమనిషి.

"కొరికితే ఏమవుతుంది?" అన్నాను.

"పన్ను చిట్లుతుంది. మీరు ఎప్పుడూ ఎడమ దవడతోనే కొరుకుతారు, నాలుగు రోజుల్నుంచీ చూస్తున్నాను. నేను పళ్ల డాక్టర్ని లెండి."

"పళ్లు నావి."

"మీవేనండీ, కాదన్నానా? చిట్లాక మాత్రం నా దగ్గరికే తీసుకురావాలి."

తలుపు దగ్గర అక్క నవ్వింది. అక్క నవ్వితే కదురు ఆగుతుంది. ఆ రోజు కదురు ఆగింది.

మర్నాటి నుంచి ఆయన మాకు ఎదురుగానే కూర్చోవడం మొదలుపెట్టాడు. వారం తిరక్కుండా తోలు సంచిలోంచి సూదులు బయటికొచ్చాయి, ఆ తర్వాత కదురొచ్చింది. అక్క కదురు ఒక మామూలు పుల్లా, ఒక చెక్క బిళ్లా. ఆయనది నున్నగా తోమి మెరుగుపెట్టిన నల్ల చెక్క. దానికో ప్రత్యేకమైన పెట్టె, పెట్టెలో మఖ్మల్ గుడ్డ. ఉన్ని దువ్వే పలకలు, పోగు లావు కొలిచే అట్టముక్క, వరసలు లెక్కపెట్టే మీటల యంత్రం... ఆయన దగ్గర లేని పనిముట్టు లేదు. లేనిదల్లా పనితనం. కుట్లు సూది మీంచి జారుతున్నా చూసుకునేవాడు కాదు, పక్కనున్న ఆవిడకి ఉన్ని గొప్పతనం గురించి ఉపన్యాసం ఇస్తూ ఉండేవాడు.

"టీచరుగారూ, అల్లిక మనసుకి ప్రశాంతతనిస్తుంది తెలుసా?" అని నన్నడిగాడొకసారి.

"మీరు మాట్లాడకుండా ఉంటే ఇస్తుంది" అన్నాను.

"అద్గదీ! మౌనంలోనే ఉంది మజా" అంటూ మౌనం గురించి స్టేషనొచ్చేదాకా మాట్లాడాడు.

ఒక సాయంత్రం తన మొదటి దారం తీసుకొచ్చి అక్కకి చూపించాడు. ఒంటి పోగు ఎటు తిప్పి వడుకుతామో, పేనేటప్పుడు దానికి ఎదురు వైపు తిప్పాలి. అప్పుడే రెండు పురులూ ఒకదాన్నొకటి పట్టుకుని దారం నిలుస్తుంది. ఇది చెప్పక్కర్లేని సంగతి. ఈ మహానుభావుడు వడికిన వైపే తిప్పి పేనాడు. చేతిలో పెట్టగానే అది మెలికలు తిరిగి, ముడుచుకుని, ఉండచుట్టుకుపోయి కూర్చుంది.

"ఇది దారమా, పంది తోకా?" అన్నాను. పెట్టెలో అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, సిగ్గులేకుండా అందరికంటే గట్టిగా.

అక్క మాత్రం నవ్వలేదు. ఆ ఉండని చేతిలోకి తీసుకుని, "ఎటు తిప్పారు?" అని అడిగింది. ఆయన తిప్పి చూపించాడు. "ఆ! అదీ సంగతి" అని, సీట్లో కూర్చుని, ఒక్కో మెలికా విప్పడం మొదలుపెట్టింది. మా అక్క సంగతి నాకు తెలియంది కాదు. తన దారంలోనైనా సరే చిన్న ఉండ కనపడితే తుంచి కిటికీలోంచి పారేసే మనిషి. ఆ సాయంత్రం తన కదురు సంచిలో పెట్టేసి, ఆ పంది తోకని విప్పుతూ ఇంటిదాకా వచ్చింది. నా స్వెటరు దారం ఆ రోజు పేనలేదు.

"పారెయ్యకపోయావా?" అన్నాను దిగాక.

"ఉన్ని మంచిదే. ఎందుకు పారెయ్యడం?" అంది.

ఇంటిదాకా నేను అక్కకంటే నాలుగడుగులు ముందే నడిచాను. ఆకలనుకున్నాను.

ఆ తర్వాత సెలవు రోజున ఆయన మా ఇంటికే ఊడిపడ్డాడు. చేతిలో పెద్ద పెట్టె. మడతపెట్టే రాట్నమట. అక్కకి చూపిద్దామని తెచ్చాడట. మేము మెట్ల మీద ఉన్నాం. అక్క పైనుంచి కదురు వదిలింది, నేను కింద అల్లుతున్నాను. ఈయనగారు పెట్టెతో సహా సరిగ్గా మెట్ల మధ్యకొచ్చి నిలబడి, దిగుతున్న కదురుని వింతగా చూస్తూ, "ఇంత అవస్థ ఎందుకండీ? చక్రం ఉండగా మెట్లెందుకు?" అన్నాడు.

"అవస్థపడుతున్నామని మీకెవరు చెప్పారు?" అన్నాను.

"నుంచుని నుంచుని మోకాళ్లు పోతాయి టీచరుగారూ."

"పళ్లు, మోకాళ్లు... ఇంకేం మిగిలాయి? లిస్టులో ఉన్నవన్నీ ఒకేసారి చెప్పెయ్యండి, వదిలిపోతుంది."

"పాపం, ఆయన్ని కూర్చోనియ్యవే" అంది అక్క, దిగొస్తూ.

రాట్నాన్ని గది మధ్యలో విప్పారు. విప్పడమే ఒక పూట పట్టింది. ఏ మేకు ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలియలేదు. ఇద్దరూ నేల మీద కూర్చుని బొమ్మలున్న కాగితం చూస్తూ, ఇది ఇక్కడా అది అక్కడా అంటూ పిల్లల్లా కొట్టుకున్నారు. చివరికి చక్రం తిరిగింది. అక్క పాదంతో తొక్కుతూ ఉన్ని అందించింది. చేతిలోంచి దారం సర్రున వెళ్లిపోతుంటే "అరె! అరె!" అని చిన్నపిల్లలా అరిచింది. ఆయన చప్పట్లు కొట్టాడు. నేను కింది మెట్టు మీదే కూర్చుని అల్లుకున్నాను. ఆ రోజు మళ్లీ కదురు మెట్లు దిగలేదు.

ఆయన వెళ్లాక అడిగేశాను. నా వల్ల కాదు మనసులో పెట్టుకోవడం.

"ఆ మనిషిలో నీకేం కనిపించిందక్కా?"

అక్క రాట్నం మీది దుమ్ము తుడుస్తూ ఆలోచించింది.

"చేతకాని పని చెయ్యడానికి ఆయనకి సిగ్గులేదే."

"అది మెచ్చుకోవాల్సిన గుణమా? ఆ లెక్కన మా బడిలో సగం మందికి సన్మానం చెయ్యాలి."

"నువ్వు నవ్వు. మనిద్దరం వచ్చిన పని తప్ప ఇంకోటి ముట్టుకున్నామా? నువ్వు ఒక్కసారైనా కదురు చేత్తో పట్టుకున్నావా?"

"నాకెందుకు? నువ్వున్నావుగా."

అక్క తుడవడం ఆపింది. గుడ్డ దులిపి లోపలికెళ్లిపోయింది. నేను అన్నదాంట్లో తప్పేముందో నాకు బోధపడలేదు.

చలి ముదిరింది. స్వెటరు వీపు అయింది, ముందు భాగం అయింది, ఒక చెయ్యి అయింది. రెండో చేతికి దారం లేదు. అంతకుముందు ఎప్పుడూ ఇలా జరగలేదు. నా సూదులకి దారం అందకపోవడమనేది మా ఇంట్లో లేదు.

"అక్కా, గోధుమరంగు దారం చిలప ఇంకోటి ఉండాలి కదా? మొన్న పేనావు, నేను చూశాను."

"అది..." అని ఆగింది. "ఉన్ని ఇంకా ఉందిలే. వడికిస్తాను."

వడికిస్తానంది, రోజులు గడిచాయి. రైల్లో మునుపటిలాగే తలుపు పక్కన నిలబడేది, కానీ కదురు అంతసేపు తిరిగేది కాదు. ఎదురుగా ఆయన నిలబడి ఉండేవాడు. ఇద్దరూ ఏమిటో మాట్లాడుకునేవాళ్లు. ఆయన ఒక్కోసారి మాట ఆపి వినేవాడు కూడా. అది చూసి నేను మరీ హడలిపోయాను.

ఒక సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అక్క అంది, "ఆయన అడిగారే."

"ఏమని?"

"ఏమని అడుగుతారు? పెళ్లి చేసుకుందామని."

నేను చేతిలో ఉన్న సంచి కింద పెట్టాను. మళ్లీ తీశాను. "నువ్వేమన్నావు?"

"ఆలోచించి చెప్తానన్నాను."

"ఇందులో ఆలోచించడానికేముంది? ఆ మనిషితో ఒక గంట రైలు ప్రయాణమే చెయ్యలేం. జన్మంతా ఎలా వేగుతావు? నోరు మూస్తాడా అసలు? ఆ ఇంట్లో నీకొక్క క్షణమైనా నిశ్శబ్దంగా కూర్చునే యోగం ఉంటుందా? అయినా ఈ వయసులో..."

"ఈ వయసులో ఏంటి?"

"ఏం లేదు."

"ఆలోచిస్తానన్నాను కదే. నువ్వూ ఆలోచించు" అని పైకి వెళ్లిపోయింది.

నేనేం ఆలోచించాలి? నాకు ఒకటే భయం. అక్క వెళ్లిపోతే ఈ ఇంట్లో నేనొక్కదాన్నే. మెట్లుంటాయి, పై మెట్టు మీద ఎవరూ ఉండరు. ఆ మాట బయటికి అనేస్తే అక్క ఆగిపోయేదేమో. అనలేదు. అనడానికి బదులు ఆయన అల్లిక గురించి, ఆయన బూట్ల గురించి, ఆయన నవ్వు గురించి, దొరికిన ప్రతిదాని గురించీ ఆడిపోసుకున్నాను. అక్క అన్నీ వింది. అవునని అనలేదు, కాదనీ అనలేదు. నేను దాన్ని మంచి శకునం అనుకున్నాను.

తర్వాత కొన్నాళ్లకి, పొద్దున మంచు బాగా పట్టి రైలు ఆలస్యమైన రోజు, మేం ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉంటే ఆయన పరుగున వచ్చి కాగితం పొట్లం ఒకటి అక్క చేతిలో పెట్టాడు. "పూర్తయింది!" అన్నాడు, ఇల్లు కట్టినంత గొప్పగా. అక్క విప్పింది. మఫ్లరు. ముదురు గోధుమరంగు. ఆ దారం నాకు వేరే చెప్పాలా? నా రెండో చెయ్యి అది. అక్క వేళ్లలోంచి వచ్చిన సన్నటి, ఎక్కడా వంక పెట్టడానికి లేని ఆ దారాన్ని తీసుకెళ్లి ఈ మనిషి చేసిన నిర్వాకం చూడాలి. ఒక చోట బిర్రుగా, ఒక చోట వదులుగా, ఒక కొస వెడల్పు, రెండో కొస ఇరుకు. నా బడిలో మొదటి ఏడాది పిల్ల తెచ్చి చూపిస్తే మొహం మీదే విప్పి చేతిలో పెట్టేదాన్ని.

అక్క దాన్ని మెడకి చుట్టుకుంది.

రైలెక్కాం. నా పక్కనే కూర్చుంది, ఆ పూట నిలబడలేదు. కూర్చున్నాక చూస్తే, మఫ్లరు మధ్యలో ఒక కుట్టు జారి ఉంది. జారిన కుట్టు ఊరుకోదు, కింద వరసని వదిలిస్తుంది, అది దాని కింద దాన్ని వదిలిస్తుంది. రైలు కుదుపుకి నా కళ్లముందే ఒక్కో వరసా విడిపోతోంది. ఎంత కోపంలో ఉన్నా చేతిపని పాడైపోతుంటే నేను చూస్తూ ఊరుకోలేను. సంచిలోంచి కొక్కెం సూది తీశాను. జారిన కుట్టుని పట్టుకుని వరస వరసకీ పైకి లాగితే అరనిమిషం పని. చెయ్యి చాచాను.

అక్క నా చెయ్యి పట్టుకుంది.

"వద్దే. ఉండనీ."

"జారిపోతోందక్కా, మొత్తం పోతుంది."

"పోతే పోనీ. ఉండనీ."

నేను సూది సంచిలో పెట్టేశాను. వంతెన దాటాం. ఎదుటి సీట్లో ఆయన ఎవరికో చిగుళ్ల గురించి చెబుతున్నాడు. అక్క ఆలోచించడం అయిపోయిందని నాకు అర్థమైంది. ఇంటికెళ్లాక ఆమె చెప్పిందేదీ నాకు కొత్తగా అనిపించలేదు.

పెళ్లంటే రిజిస్టరాఫీసులో సంతకాలే. సాక్షి సంతకం నాదే. బయటికొచ్చాక ఆయన, "ఇక నుంచి బావా అని పిలవొచ్చు" అన్నాడు. "డాక్టరుగారూ అనే మాటకేం వచ్చింది?" అన్నాను. దానికీ నవ్వాడు. ఆయన మా ఊళ్లో గది ఖాళీ చేశాడు, పట్నంలో ఆయన ఆస్పత్రి పైనే కాపురం పెట్టారు. అక్కకి ఇక రైలెక్కాల్సిన పని లేదు. రాట్నం మడతపెట్టుకుని వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు అక్క తన పాత కదురు, బుట్టలో మిగిలిన గోధుమరంగు ఉన్ని పై మెట్టు మీద పెట్టి వెళ్లింది. ఎందుకు పెట్టావని నేనడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ బుట్ట దాటుకుని పైకీ కిందికీ తిరిగాను చాలా రోజులు. ఒంటిచేతి స్వెటరు కుర్చీ మీద వేలాడుతోంది. అక్కనడిగితే వడికి పంపదా? పంపుతుంది. అడిగితే కదా! ఆఖరికి ఒక సెలవు రోజున, ఏమైతే అయిందని, పై మెట్టు మీద నిలబడి కదురు తిప్పి వదిలాను. దారం పుటుక్కున తెగింది. కదురు మెట్టుమెట్టుకీ చప్పుడు చేసుకుంటూ దొర్లి కింద పడింది. "ఆగవే తల్లీ" అనడానికి కింద ఎవరూ లేరు. దిగి తెచ్చుకున్నాను, వదిలాను, మళ్లీ తెగింది. ఇంత చిన్న పుల్లకి ఇంత పొగరుంటుందని నాకు తెలియదు.

రైల్లో కూడా మొదలుపెట్టాను. తలుపు పక్కన అక్క నిలబడే చోటే నిలబడ్డాను. మలుపులో నేను ఒక పక్కకి పడ్డాను, కదురు ఇంకో పక్కకి పడి సీట్ల కిందికి దొర్లింది. రోజూ వచ్చే టికెట్ కలెక్టరు వంగి, చేత్తో వెతికి తీసి నా చేతికిస్తూ, "మీ అక్కగారి చేతిలో ఇలా పడేది కాదే?" అన్నాడు.

"మీకు టికెట్లు చూడ్డం తప్ప వేరే పనేం లేదా?" అన్నాను.

పెట్టెలో నవ్వులు. చేతకాని పని పదిమందిలో చేస్తే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. అసహ్యంగా ఉంటుంది. ఆ పళ్లాయన రోజూ దీన్ని ఎలా భరించి నవ్వేవాడో నాకిప్పటికీ అంతుపట్టదు. బుర్ర తక్కువ మనుషులకి కొన్ని సౌకర్యాలుంటాయి కాబోలు.

దారమైతే వచ్చింది. ఒక చోట నా చిటికెన వేలంత లావు, ఒక చోట వెంట్రుకంత సన్నం. తెగుతుందేమోనన్న భయంతో పురి ఎక్కించీ ఎక్కించీ తాడులా బిరుసైంది. దాన్నే అల్లాను. స్వెటరుకి ఒక చెయ్యి అక్క దారంతో నున్నగా, రెండో చెయ్యి నా దారంతో గడ్డలు గడ్డలుగా తయారైంది. కొస ముడివేసి, అలవాటు చొప్పున ఎడమ దవడతో కొరికాను. ఆ మొండి దారం తెగలేదు. పన్నే చిట్లింది.

మా ఊళ్లో సరే, పట్నంలోనూ వేరే పళ్ల డాక్టరు లేడు. ఉంటే వెళ్లేదాన్నే. రెండు రోజులు లవంగ నూనెతో లాక్కొచ్చి, మూడో రోజు చెంప ఉబ్బితే, ఆ స్వెటరే తొడుక్కుని వెళ్లి ఆ కుర్చీలో పడుకున్నాను. దీపం మొహం మీదికి వంచి, ఆయన లోపలికి తొంగి చూశాడు.

"ఏం కొరికారు?"

"దారం."

"నేను చెప్పాను కదా" అంటాడనుకున్నాను. అనడం ఆయన హక్కు కూడా. అనలేదు. సూది మందిచ్చి, నోటినిండా దూది కుక్కాడు. వడికితే ఒక కండె అయ్యేంత దూది. కుర్చీ చేతి మీద ఉన్న నా చెయ్యి ఆయన కంటబడింది. గడ్డల మీద ఒకసారి వేలు పెట్టి చూసి, "నా మొదటి దారం ఇంతకంటే అధ్వాన్నం లెండి" అన్నాడు. ఓదార్పట! ఆ మనిషి దగ్గర నాకు ఓదార్పు! జవాబు నాలిక చివరిదాకా వచ్చింది, దూది అడ్డం.

పై నుంచి అక్క దిగొచ్చింది. మెడకి ఆ మఫ్లరే. జారిన కుట్టు జారినట్టే ఉంది, అక్కడొక పిన్నీసు పెట్టుకుంది. నా చెంప చూసి, నుదురు తడిమి, తర్వాత నా చెయ్యి చూసింది. వేళ్లతో భుజం దగ్గర్నుంచి మణికట్టు దాకా నిమిరింది. గడ్డ తగిలిన చోటల్లా ఆగింది.

"నువ్వు వడికావా?"

తలూపాను.

"మెట్ల మీదా?"

తలూపాను.

"ఒక్కదానివే?"

ఈసారి తలూపలేదు. అక్క కాసేపు ఆ చెయ్యి వదల్లేదు.

"ఇది విప్పేసి పంపించవే. బుట్టలో మిగిలింది కూడా పట్రా. నేను వడికిస్తాను. పంపుతావు కదూ?"

చలికాలమంతా నేను ఎదురుచూసిన మాట అదే. ఆ మాట కోసం నేను మెట్ల కింద కూర్చున్నాను, రైల్లో కూర్చున్నాను, ఊళ్లో జనాన్నంతా ఆడిపోసుకున్నాను. ఇప్పుడు అడక్కుండానే వచ్చింది. నేను నా చెయ్యి అక్క వేళ్లలోంచి మెల్లిగా లాక్కుని, ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో దాన్ని కప్పుకున్నాను.

అక్క నన్ను చూసింది. మెడ దగ్గర పిన్నీసు తడుముకుంది.

"ఉండనీయమంటావా?"

తలూపాను.

"సరే. ఉండనీ" అంది. కుర్చీ పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంది.

"కదలకండి టీచరుగారూ" అన్నాడు ఆయన, దీపం సర్దుతూ. "ఏంటి, నొప్పిగా ఉందా? కళ్లలో నీళ్లు కారిపోతున్నాయి. మందు ఇంకాస్త వెయ్యాలేమో..." అని అక్క వైపు తిరిగి, "నీకెందుకు కారుతున్నాయి? నీకేమైంది?" అన్నాడు.

ఆ పళ్లాయనకి ఏమీ అర్థం కాలేదు. ఆయనకెప్పుడు ఏం అర్థమైంది గనక!